మనుషులు ముందు, కాగితాలు తర్వాత: వలస జ్ఞాపకాలను దాచుకోవడం ఎలా?

2010లో బ్రిటన్ హోం శాఖ కట్టలకొద్దీ పాత కార్డులను నాశనం చేసింది. 1950, 60 దశకాల్లో కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో వచ్చినవారు రేవులో దిగినప్పుడు నమోదైన కార్డులవి. ఎవరు ఏ రోజున వచ్చారో వాటి మీద ఉండేది. 2018లో ఈ సంగతి పెద్ద దుమారమైంది. అర్ధశతాబ్దంగా అక్కడే బతికిన వృద్ధులను అదే శాఖ "మీరు ఎప్పుడు వచ్చారో రుజువేది?" అని నిలదీస్తోందని అప్పుడు లోకానికి తెలిసింది. కొందరికి ఉద్యోగాలు పోయాయి, కొందరికి వైద్యం అందలేదు, కొందరిని దేశం నుంచే పంపించేశారు. ఉన్న ప్రతి ఏడాదికీ ఒక కాగితం చూపించమంటే వాళ్లు పాత జీతం చీటీల కోసం, బడి కాగితాల కోసం ఇల్లంతా వెతుక్కున్నారు.

ప్రభుత్వాలు ఏమీ దాచవని కాదు. దాస్తాయి, తమకు కావలసినంత మేరకు. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారు నాలుగున్నర లక్షలకు పైనే. వాళ్ల వివరాలు లావుపాటి రిజిస్టర్లలో ఉన్నాయి, 1860ల నుంచి ఫొటోలు కూడా ఉన్నాయి. మారిషస్‌లోనే మోకా అనే చోట ఉన్న మహాత్మా గాంధీ సంస్థలో వాటిని భద్రపరిచారు. వాళ్ల వారసులు అక్కడికి వచ్చి తమ పూర్వీకుల జాడ వెతుక్కుంటారు. వయసు, ఎత్తు, ఏ ఊరు, ఏ ఓడ, అన్నీ గళ్లు గీసి రాసిపెట్టారు. ఆ ఓడ ఎక్కిన రాత్రి ఆ మనిషి ఎవరిని తలచుకున్నాడో రాయడానికి మాత్రం గడి లేదు. అలాంటి గడులు గీసుకుని నింపుకొనే పని సమూహానిదే. దాన్నే సమూహ ఆర్కైవ్ అంటున్నాం: ఎవరి జ్ఞాపకాలో వాళ్లే ఎంచి, వాళ్ల మాటల్లోనే రాసి, వాళ్ల అదుపులోనే ఉంచుకునే భాండాగారం. దాన్ని ఎలా కట్టుకోవాలో ఒక్కో మెట్టుగా చూద్దాం.

వయసు వరుసలో ఒక జాబితా

ఈ పని తలపెట్టిన బృందాలు చాలావరకు స్కానర్ కొనడంతోనో, వెబ్‌సైటుకు పేరు వెతకడంతోనో మొదలుపెడతాయి. పేరు మీదే రెండు నెలలు చర్చ జరుగుతుంది. ఈలోగా ఫొటోలో ఎడమ నుంచి మూడో మనిషి ఎవరో చెప్పగలిగిన ఒకే ఒక్క పెద్దావిడ కన్నుమూస్తుంది. ఫొటోకు ఏమీ కాదు. ఇంకో యాభై ఏళ్లు నిక్షేపంలా ఉంటుంది, ఊరూ పేరూ లేని ఫొటోగా. ఇక్కడ నేను చెప్పే క్రమమంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంది. వస్తువు కన్నా ముందు, దాని గురించి చెప్పగలిగిన నోరు మూతపడుతుంది.

కాబట్టి ఒక నోటుపుస్తకం తీసుకుని, మీవాళ్లలో తొలుత వలస వచ్చినవారి పేర్లు వయసు వరుసలో రాయండి. పక్కన ఆరోగ్యం ఎలా ఉంది, చెవులు వినిపిస్తాయా, ఏ భాషలో మనసు విప్పుతారు అన్నవి కూడా రాసుకోండి. ఎనభై దాటినవారు, మతిమరుపు మొదలైనవారు ముందు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం తన దేశంలోని జపాన్ సంతతివారిని శిబిరాల్లో నిర్బంధించింది. వాళ్ల జ్ఞాపకాలను నమోదు చేసే 'డెన్షో' సంస్థ 1996లో మొదలైంది. అప్పటికి యాభై ఏళ్లు దాటిపోయాయి. శిబిరాలను పెద్దవయసులో చూసినవారు చాలామంది వెళ్లిపోయారు. మీరు అంతకాలం ఆగనవసరం లేదు.

బృందానికి నలుగురైదుగురు చాలు. అందులో స్వయంగా వలస వచ్చినవారు ఒకరైనా ఉండాలి. లేకపోతే అది మీ ఆర్కైవ్ కాదు, మీ మీద ఎవరో చేసే పరిశోధన. పొందికగా రాసే అలవాటున్నవారు ఒకరు, కంప్యూటర్ పని తెలిసినవారు ఒకరు, అందరి ఇళ్లలో చనువున్నవారు ఒకరు ఉంటే పని నడుస్తుంది. ఈ చివరి మనిషే అందరికన్నా ముఖ్యం.

తర్వాత హద్దు గీసుకోండి. ఒక కర్మాగారంలో పనిచేసినవారు, ఒక వీధిలో కాపురమున్నవారు, ఒక దశాబ్దంలో వచ్చినవారు, ఇలా చిన్నది. మొదటి ఏడాదికి ఇరవై మంది కథలు అనుకుంటే పన్నెండు పూర్తవుతాయి. జర్మనీలోని కొలోన్ నగరంలో 'డోమిడ్' అనే సంస్థ ఉంది. 1961 ఒప్పందం కింద టర్కీ నుంచి పనికి వెళ్లినవారి చరిత్రను ఏ మ్యూజియమూ పట్టించుకోకపోతే, 1990లో టర్కీ నుంచి వలస వచ్చిన కొందరే కలిసి దాన్ని పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ లక్షన్నరకు పైగా వస్తువులూ పత్రాలూ ఉన్నాయి, అన్ని దేశాల వలసలకూ సంబంధించినవి. మొదలైంది మాత్రం ఒక్క దేశం నుంచి వచ్చినవారితోనే.

హద్దు గీసేటప్పుడు ఒకటి మరిచిపోవద్దు. వలసకు రెండు కొసలుంటాయి. వెళ్లినవారు ఇంటికి రాసిన ఉత్తరాలు ఇంట్లో ఒక పెట్టెలో పదిలంగా ఉంటాయి. ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరాలు మాత్రం గది మారినప్పుడల్లా, పని మారినప్పుడల్లా పోతూ వస్తాయి. అందువల్ల ఆర్కైవ్‌లో సగం సంభాషణే మిగులుతుంది. రెండో సగం కోసం ఇంట్లో మిగిలిపోయినవారితో మాట్లాడాలి: తల్లిదండ్రులు, భార్యలు, భర్తలు, తండ్రిని ఫొటోలోనే చూసి పెరిగిన పిల్లలు. వాళ్లు ఎక్కడికీ కదలలేదు కాబట్టి వాళ్లది వలస కథ కాదనుకుంటారు. ఆ మాట వాళ్లే మీతో అంటారు కూడా. నమ్మకండి.

మాట ఇచ్చే ముందు

బాస్టన్ కాలేజీ తరఫున 2001, 2006 మధ్య కొందరు పరిశోధకులు ఉత్తర ఐర్లండ్ ఘర్షణల్లో పాల్గొన్న మాజీ సాయుధుల మాటలు రికార్డు చేశారు. మీరు బతికుండగా ఇవి బయటికి రావని వాళ్లకు భరోసా ఇచ్చారు. 2011లో బ్రిటన్ అభ్యర్థన మీద అమెరికాలో సమన్లు జారీ అయ్యాయి. ఆ తర్వాత కొన్ని టేపులు పోలీసుల చేతికి వెళ్లాయి. అది వలస కథ కాదు. అయినా వలస కథలు సేకరించేవారందరూ గుర్తుంచుకోవలసిన ఉదంతం. "ఎవరికీ తెలియనివ్వం" అనే మాట మీ చేతిలో ఉన్నది కాదు. చట్టం తలుపు తట్టవచ్చు, హార్డ్ డిస్క్ దొంగతనం కావచ్చు. అందుకని దాచలేనిదాన్ని అసలు రికార్డే చేయవద్దు.

ముఖ్యంగా సరైన కాగితాలు లేకుండా సరిహద్దు దాటినవారు, ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నవారు మీతో మాట్లాడుతుంటే, ఏ దారిలో వచ్చారు, ఎవరు దాటించారు, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు అని అడగవద్దు. చెప్పబోతే ఆపండి. రికార్డరు ఆపి మాట్లాడుకోవచ్చు, ఆ మాట అక్కడితో ఉండిపోనివ్వండి. ఫోనుతో తీసిన ఫొటోలో ఎక్కడ తీశారో తెలిపే సమాచారం దాగి ఉంటుంది. బయటికి ఇచ్చే ప్రతిలో దాన్ని తొలగించండి. పాస్‌పోర్టు, వీసా కాగితాల బొమ్మలు చూపించేటప్పుడు సంఖ్యలు, సంతకాలు మూసేయండి.

సమ్మతి పత్రం ఒక పేజీ మించకూడదు. న్యాయవాది భాష అక్కరలేదు. ఒక్కో ప్రశ్నకు విడివిడిగా జవాబు తీసుకోండి. దీన్ని ఎవరు వినవచ్చు: ఇంటివాళ్లేనా, మన సమూహమేనా, ఎవరైనానా? అసలు పేరు వాడాలా, మారుపేరా? ఫొటో పెట్టవచ్చా? మీ తర్వాత ఈ విషయంలో ఎవరి మాట వినాలి? చదవలేనివారికి చదివి వినిపించి, వాళ్ల జవాబునే రికార్డు చేయండి. చాలామంది ఈ పత్రం మీద సంభాషణకు ముందు సంతకం తీసుకుని మడిచి పెట్టేస్తారు. నా మాట వింటే, సంభాషణ అయ్యాక ఇంకోసారి అడగండి. మొదట సరేనన్నప్పుడు తాము ఏం చెప్పబోతున్నారో వాళ్లకే తెలియదు కదా. నెల తర్వాత మనసు మారితే వెనక్కి తీసుకునే వీలుందని చెప్పండి. ఒకసారి ఇంటర్నెట్‌లో పెట్టినదాన్ని పూర్తిగా వెనక్కి తేలేమన్న నిజం కూడా చెప్పండి.

ఉత్తరాల దగ్గర ఒక చిక్కు ఉంది. ఉత్తరం ఉన్న కాగితం అందుకున్నవారిది. అందులోని రాతల మీద హక్కు మాత్రం చాలా దేశాల చట్టాల ప్రకారం రాసినవారిదీ, వారి వారసులదీ. దాచుకోవడానికి అందుకున్నవారు సరేనంటే చాలు. అచ్చు వేయాలన్నా, అందరికీ చూపాలన్నా రెండో వైపు కూడా అడగాలి.

మాట్లాడించడం

మొదటిసారి రికార్డరు లేకుండా వెళ్లండి. ఊరికే కూర్చుని, ఎందుకు వచ్చారో చెప్పి, గోడ మీది ఫొటోల గురించి అడిగి వచ్చేయండి. రెండోసారి వెళ్లినప్పుడు మీరు కొత్తవాళ్లు కారు.

పరికరాల గురించి బెంగ వద్దు. మంచి ఫోను, కాలరుకు తగిలించే చిన్న మైకు చాలు. మొబైల్ నెట్‌వర్క్ ఆపేయండి, లేకపోతే కథ సరిగ్గా మలుపు దగ్గరకు వచ్చినప్పుడు ఎవరో ఫోను చేస్తారు. ఫ్యాను, ఫ్రిజ్ కట్టేయండి. ఆ హోరు మన చెవికి అలవాటైపోయి వినపడదు, మైకుకు మాత్రం వినపడుతుంది. నేను తొలిసారి తీసుకున్న గంటన్నర సంభాషణలో ముందు వినిపించేది ఫ్యానే, తర్వాతే మనిషి. వేవ్ (WAV) ఫైలుగా, సెకనుకు 48,000 నమూనాలతో, 24 బిట్ల నాణ్యతలో రికార్డు చేయండి. ఫోనులో ముందే ఉన్న యాప్‌తో అది కుదరకపోతే వేరే యాప్ దింపుకోండి. అర నిమిషం రికార్డు చేసి విని చూశాకే అసలు పని మొదలుపెట్టండి.

వీడియో తప్పనిసరి కాదు. కెమెరా పెడితే మనిషి చొక్కాతో పాటు మాట కూడా మార్చుకుంటాడు. చేతిపని చూపించేటప్పుడో, వస్తువు పట్టుకుని చెప్పేటప్పుడో వీడియో తీయండి. మిగతాదంతా గొంతు చాలు.

రికార్డు మొదలవగానే తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో మీరే పలకండి. ఫైలు పేరు చెరిగిపోయినా లోపలి గొంతు చెబుతుంది.

ఇక ప్రశ్నలు. "ఎందుకు వలస వచ్చారు?" అని అడిగితే అందరికీ చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబే వస్తుంది: బతుకుతెరువు కోసం. బయల్దేరిన రోజు సంచిలో ఏమేం పెట్టుకున్నారో అడగండి. ఎవరు సర్దారు, ఏది బరువని తీసేశారు? సాగనంపడానికి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు? మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు? తాళంచెవి ఎవరిచ్చారు? మొదటి జీతం దేనికి ఖర్చయింది? ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఏ అబద్ధం రాశారు? ఈ ఆఖరి ప్రశ్నకు నవ్వేవారు కొందరు, కాసేపు మాట్లాడలేనివారు కొందరు. "ఇక్కడ అంతా క్షేమం" అన్న వాక్యం చరిత్రలో ఎన్ని లక్షల ఉత్తరాల్లో ఉందో, అందులో నిజం ఎంతో, ఉత్తరాలను మాత్రమే దాచే ఆర్కైవ్‌కు ఎన్నటికీ తెలియదు.

మాటలు ఆగిపోతే తెల్లకాగితం ఇచ్చి మొదట ఉన్న గదిని గీయమనండి. పడకలు ఎన్ని, ఏ పడక ఎవరిది, కిటికీ ఎటు? గీత గీస్తుంటే పేర్లు వాటంతట అవే వస్తాయి. ఆ కాగితాన్ని కూడా దాచండి.

మౌనాన్ని తొందరపడి పూరించకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. తేదీ తప్పు చెప్పినా సరిదిద్దవద్దు. తర్వాత మీ నమోదులో రాసుకోవచ్చు. యుద్ధం, హింస, దోపిడీ చూసి వచ్చినవారు చెప్పలేక ఆగితే ప్రశ్న మార్చండి, లేదా అక్కడితో ముగించండి. గంటన్నర దాటనివ్వవద్దు. వెళ్లిపోయే ముందు మామూలు కబుర్లలోకి తీసుకొచ్చి లేవండి. మనిషిని ఆ పాత రాత్రిలో ఒంటరిగా వదిలి రాకూడదు.

పిల్లలను దుభాషులుగా కూర్చోబెట్టడం గురించి ఒక హెచ్చరిక. కూతురు అనువదిస్తుంటే తల్లి కొన్ని సంగతులు చెప్పదు. చెప్పినా కూతురు అన్నీ అనువదించదు. బయటి మనిషి దొరికితే మేలు. ఏ భాషలో చెప్పారో ఆ భాషలోనే, ఏ యాసలో పలికారో అలాగే రాసి ఉంచండి. వలస వచ్చినచోటి మాటలు కలిసిపోయి ఉంటే అవీ అలాగే ఉండనివ్వండి. పనిచోట నేర్చుకున్న ఆ వంకర మాటలే ముప్పై ఏళ్ల చరిత్ర. అనువాదం వేరే కాగితం మీద.

ఇంటికి రాగానే, ఆ సాయంత్రమే, ఒక పేజీ రాయండి: గదిలో ఏముంది, ఎక్కడ గొంతు మారింది, ఇంకా ఏం అడగాలి. తెల్లారితే సగం మరిచిపోతారు. సంభాషణలు జరిపే మనుషులు చాలరనిపిస్తే, 1947 దేశ విభజన జ్ఞాపకాలను సేకరిస్తున్న 'ది 1947 పార్టిషన్ ఆర్కైవ్' పద్ధతి చూడండి. ఇంటర్నెట్‌లో శిక్షణ ఇచ్చి మామూలు స్వచ్ఛంద కార్యకర్తలచేతే ఈ పని చేయిస్తూ వేలకొద్దీ కథలు పోగుచేశారు.

పెట్టెలోని కాగితాలు

ఇప్పుడు కాగితాల వంతు. ముందుగా ఒక నియమం: అసలు ప్రతులను తీసుకెళ్లవద్దు. అక్కడే స్కాన్ చేసి అక్కడే ఇచ్చేయండి. అమెరికాలోని దక్షిణాసియా సంతతివారి చరిత్రను 2008 నుంచి సేకరిస్తున్న 'సాడా' అనే డిజిటల్ ఆర్కైవ్ ఇలాగే చేస్తుంది: ప్రతి మాత్రం తమ దగ్గర, అసలు కుటుంబం దగ్గర. ఒకసారి చేతులు మారిన పెట్టె తిరిగి ఇంటికి చేరడం అరుదు. పైగా ఒకప్పుడు అన్నీ వదిలి వచ్చినవారిని మళ్లీ ఇంకోటి వదులుకోమనడం నాకు సబబుగా తోచదు.

ఏం వెతకాలి? ఉత్తరాలు, ఫొటోలు అందరూ చూపిస్తారు. మీరు అడగాల్సినవి వాళ్లు చెత్త అనుకునేవి: డబ్బు పంపిన రశీదులు, పని ఒప్పందాలు, జీతం చీటీలు, ప్రయాణ టికెట్ల ముక్కలు, ఫోను కార్డులు, అద్దె పుస్తకం, కొత్త భాష నేర్చుకోవడానికి పదాలు రాసుకున్న నోటుపుస్తకం. వేడితో అచ్చయ్యే నున్నటి రశీదులను ముందు స్కాన్ చేయండి. వాటి మీది అక్షరాలు కొద్ది ఏళ్లలోనే వెలిసిపోతాయి.

ఫొటోలను అంగుళానికి 600 చుక్కల చొప్పున, రాతపత్రాలను 300 నుంచి 400 వరకు స్కాన్ చేసి టిఫ్ (TIFF) ఫైళ్లుగా దాచండి. చూపించడానికి, పంపడానికి వాటి నుంచి జేపెగ్ ప్రతులు తీయండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తేదీ, "మరిచిపోకు" అన్న ఒక్క ముక్క, ఇవన్నీ వెనకాలే ఉంటాయి. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను లాగకండి, అద్దంతోనే ఫొటో తీయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఇరుక్కున్నదాన్ని, పళ్ల సందులు శుభ్రం చేసుకునే మైనం పూయని దారాన్ని (డెంటల్ ఫ్లాస్) దాని కింద నుంచి నెమ్మదిగా నడిపి విడదీయవచ్చు. రాకపోతే పేజీ మొత్తం స్కాన్ చేసి వదిలేయండి.

కుటుంబానికి దాచుకునే తీరు కూడా చెప్పి రండి. రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేయాలి. లామినేషన్ చేయించవద్దు, చిరిగినచోట సెల్లోటేపు అతికించవద్దు. రెండూ ఇష్టంతో చేసే హత్యలు. ఆమ్లం లేని కాగితపు కవర్లు, లేదా పాలియెస్టర్ కవర్లు వాడాలి. పీవీసీ కవర్లు కొన్నాళ్లకు ఫొటోను తినేస్తాయి. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, తేలికగా. పైకప్పు కింది అటకా వద్దు, నేలా వద్దు. ఒకచోట వేడి, ఒకచోట నీరు. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండే చల్లని లోపలి గది మంచిది.

క్యాసెట్లు కనిపిస్తే సంతోషించండి, కంగారు కూడా పడండి. ఫోను మాట ఖరీదైన రోజుల్లో చాలా దేశాల వలస కుటుంబాలు ఉత్తరాలకు బదులు గొంతు రికార్డు చేసి పంపుకున్నాయి. పిల్లాడి తొలి మాటలు, పక్కింటి కుక్క అరుపు, చెప్పలేక ఆపిన ఏడుపు, అన్నీ అందులో ఉంటాయి. కానీ అయస్కాంత టేపు పాడవుతుంది, వినిపించే యంత్రాలు కూడా కరువవుతున్నాయి. క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచేస్తే పొరపాటున దాని మీద మళ్లీ రికార్డు కాదు. తెల్లటి బూజు కనిపిస్తే వినాలన్న ఆత్రం ఆపుకుని నిపుణులకు ఇవ్వండి. బాగున్నదాన్ని, శుభ్రం చేసిన మంచి డెక్‌లో ఒక్కసారి వేసి, తీగతో కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేయండి.

ఇప్పటి వలసదారుల పెట్టె ఫోనులో ఉంటుంది. వాట్సాప్‌లో ఒక్కో సంభాషణను ఫొటోలతో, గొంతు సందేశాలతో సహా బయటికి తీసి దాచుకునే వీలుంది. ఇంటివాళ్లతో జరిపిన సంభాషణలను ఏడాదికొకసారి అలా తీసి పెట్టమని చిన్నవాళ్లకు చెప్పండి. ఉత్తరాలను పెట్టెలో దాచుకోవడం పాత తరానికి ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే దాచారు. ఫోను పగిలిపోవడంతో పదేళ్ల మాటలు పోగొట్టుకున్న ఇళ్లు మాత్రం ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నాయి.

నమోదు పుస్తకం

ఇది ఎవరికీ ఇష్టంలేని పని, కాబట్టి ఆర్కైవ్‌లు చనిపోయేది ఇక్కడే. వెయ్యి ఫొటోలు స్కాన్ చేసి ఫోల్డర్లో పడేస్తే అది ఆర్కైవ్ కాదు, ఇంకో అటక.

ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య, స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస. ఏమిటిది, ఎవరిచ్చారు, ఎవరు తయారుచేశారు, ఎప్పటిది, ఎక్కడిది, అందులో ఎవరున్నారు, ఏ భాష, ఎవరు చూడవచ్చు. డబ్లిన్ కోర్ అనే ప్రమాణంలో ఇలాంటివి 15 గడులున్నాయి. ఆ డబ్లిన్ ఐర్లండ్‌ది కాదు, 1995లో దీనికి పునాది పడిన సమావేశం జరిగిన అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు డబ్లిన్. పదిహేనూ నింపనక్కరలేదు. ఏడెనిమిది నిజాయితీగా నింపితే చాలు, తర్వాత ఏ పెద్ద గ్రంథాలయంతో కలిసినా అవి సరిపోతాయి.

వలసదారుల విషయంలో పేర్ల గడి దగ్గర ఎక్కువ ఓపిక కావాలి. ఒకే మనిషి పేరు పాస్‌పోర్టులో ఒక తీరు, పని ఒప్పందంలో ఒక తీరు, ఇంట్లో ఇంకో తీరు. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసినవి అవి. అన్నీ రాయండి, ఏది తప్పో మీరు తేల్చవద్దు. ఊరి పేరు అప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఏమంటారు, రెండూ రాయండి. సరిహద్దులు మారి దేశమే మారిన ఊళ్లుంటాయి. తేదీ సరిగ్గా తెలియకపోతే 1974 అని ధీమాగా రాయకుండా 1974? అని రాయండి, "పెద్దబ్బాయి పుట్టిన ఏడాది" అని వాళ్లన్న మాటను కూడా పక్కనే ఉంచండి. పెద్దబ్బాయి పుట్టిన తేదీ ఎప్పుడో దొరుకుతుంది.

ఫైళ్ల పేర్లకు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, చిన్న గీతలు మాత్రమే వాడండి. తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో 2024-03-09 అని రాస్తే కంప్యూటరే వరుసగా పేరుస్తుంది.

మూడు ప్రతులు, రెండు చోట్లు

ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉండాలి. కనీసం రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఒక హార్డ్ డిస్క్ మీ దగ్గర, ఇంకోటి దూరంగా ఉన్న నమ్మకస్తుల దగ్గర, మూడోది ఇంటర్నెట్ నిల్వలో. ఫేస్‌బుక్ పేజీ ప్రతి కిందికి రాదు. అది బొమ్మల నాణ్యత తగ్గిస్తుంది, ఎప్పుడు ఏది మూతపడుతుందో మన చేతిలో ఉండదు. బయటివారికి చూపకూడదని మాట ఇచ్చిన రికార్డింగులను సంకేతపదంతో తాళం వేసి విడిగా ఉంచండి.

డిస్కులు కూడా చస్తాయి. అయిదారేళ్లకొకసారి కొత్తవాటిలోకి మార్చండి.

తిరిగి ఇవ్వడం, చూపించడం

ఎవరి కథ రికార్డు చేశారో, ప్రతి ముందు వాళ్లకు చేరాలి. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి ఊరుకోకండి. డెబ్భై ఏళ్లవారు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? మంచి కాగితం మీద అచ్చు తీసిన నాలుగు ఫొటోలు, చెప్పిన మాటల్లో పది పేజీలు కుట్టి ఇవ్వండి. ఆ పుస్తకం ఇంట్లో తిరుగుతుంది. ఆ ఇంటి నుంచే రెండో పెట్టె బయటికి వస్తుంది.

ఏడాదికొకసారి అందరినీ పిలిచి, ఎవరో తెలియని ఫొటోలను పెద్దవి చేసి బల్ల మీద పరచండి. పైన పలుచటి కాగితం వేసి, తలల చుట్టూ గీతలు గీసి, అంకెలు వేయండి. చూసినవారు అంకె పక్కన పేరు రాస్తారు. ఒకే అంకెకు రెండు పేర్లు వస్తాయి, వాదన జరుగుతుంది. జరగనివ్వండి, రికార్డరు ఆన్ చేసి ఉంచండి.

వెబ్‌సైటు కావాలంటే ఒమేకా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి సేకరణల కోసమే తయారైంది. ఎవరు ఏది చూడవచ్చో అన్నదానిలో అంతరాలు కావాలంటే ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్ చూడండి. ఆస్ట్రేలియాలోని వరుముంగు ఆదివాసీలతో కలిసి దాన్ని రూపొందించారు. కుటుంబానికి మాత్రమే, స్త్రీలకు మాత్రమే, అందరికీ అని హద్దులు పెట్టుకునే వీలు అందులో ఉంటుంది. ఇవేవీ కుదరకపోతే గ్రంథాలయంలో ఒక అర, అందులో ఒక ఫైలు. అదీ ఆర్కైవే.

మీ తర్వాత

సంకేతపదాలు ఒక్కరికే తెలిసి ఉండటం, వెబ్‌సైటు చందా ఒకరి జేబులోంచి కట్టడం, ఇలాంటి చోట్లే సమూహ ఆర్కైవ్‌లు ఆగిపోతాయి. ఇద్దరికి తాళాలు ఉండాలి. బృందం విడిపోతే సేకరణ ఎవరికి చెందుతుంది, పని ఆగిపోతే ఏ గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో ఇవ్వాలా, ఇస్తే సమ్మతి షరతులు వాళ్లూ పాటిస్తారా అన్నవి ఒక పేజీలో రాసి అందరూ సంతకాలు చేయండి. స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోవాల్సిన పేజీ ఇది.

ఏటా ఒక రోజు పెట్టుకుని, ఏవైనా ఇరవై ఫైళ్లు తెరిచి చూడండి, వినండి. తెరుచుకోనివాటిని రెండో ప్రతి నుంచి మళ్లీ తెచ్చుకోండి. అదే రోజు వయసు వరుస జాబితా కూడా బయటికి తీసి, ఇంకా ఎవరి దగ్గరికి వెళ్లలేదో చూసి, వచ్చే వారానికి ఒక ఇంటివాళ్లకు ఫోను చేయండి.